పొద్దుటి బల్ల దగ్గర ఒక చోటు

"కదలొద్దు" అంది మార్నీ, గొంతు పైకి రానివ్వకుండా.

గోడకీ సోఫాకీ మధ్య మూరెడు సందులో తల్లీ పిల్లలూ బోర్లా పడుకుని ఉన్నారు. ఆరేళ్ళ టిల్లీకి ఇది అలవాటైన పనే. తలుపు చప్పుడవగానే ఎవరూ చెప్పకముందే వెళ్ళి దూరింది. మూడేళ్ళ రోరీకి మాత్రం ఇదంతా ఆట. వాడికి నవ్వొస్తోంది. మార్నీ వాడి నోటి మీద చెయ్యి అదిమిపెట్టింది.

తలుపు మళ్ళీ దబదబలాడింది.

ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు పక్కనున్న ఆ వీధిలో సోఫా వెనక దూరని కుటుంబం లేదు. అద్దె అడిగేవాడొస్తే దూరతారు, వాయిదాల వాడొస్తే దూరతారు, టీవీ లైసెన్సు డబ్బు అడిగేవాడొస్తే దూరతారు. వాళ్ళ అమ్మలూ దూరారు, అమ్మమ్మలూ దూరారు. కాసేపు ఊపిరి బిగబట్టుకుంటే వచ్చినవాడు తిట్టుకుంటూ పోతాడు. ఇవాళ వచ్చిన మనిషి మాత్రం పోయే రకంలా లేదు.

తలుపుకున్న ఉత్తరాల కన్నం కిర్రుమంది. ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని ఆ కన్నంలోంచి మాట్లాడుతున్నారు.

"మార్నీ, నేనమ్మా. బడి నుంచి వచ్చాను. మిసెస్ డాకెట్‌ని."

మార్నీ రోరీని ఇంకా దగ్గరికి లాక్కుంది. అద్దెవాడైనా బాగుండేది. అద్దెవాడు మహా అయితే టీవీ పట్టుకుపోతాడు.

"కెటిల్ ఇప్పుడే టక్కుమని ఆగింది, వినపడింది నాకు. నేనూ ఇలాంటి సోఫాల వెనకే పెరిగానమ్మా. ఇక్కడ వాన కురుస్తోంది. నా మోకాళ్ళు నీకంటే ముసలివి."

మార్నీ కళ్ళు మూసుకుంది. తనకి ఏడేళ్ళప్పుడు సర్కారు పిల్లల శాఖ నుంచి ఇలాగే ఒకావిడ వచ్చింది. మంచి కోటు, మెత్తని మాట. చేతిలో బిస్కట్ పెట్టింది. రెండు రోజులే తల్లీ అంది. ఆ రెండు రోజులు పెళ్ళీడు దాకా సాగాయి. తనని ఒక హోమ్‌కి పంపారు, చెల్లెల్ని ఇంకెక్కడికో పంపారు. ఆ చెల్లెలు ఇప్పుడు వీధిలో ఎదురైనా మార్నీ గుర్తుపట్టలేదు.

"రోరీ" అంది కన్నంలోంచి ఆవిడ, "నీ బూటు కనిపిస్తోందిరా నాన్నా."

రోరీ ఇక ఆగలేకపోయాడు. తల్లి చెయ్యి విదిలించుకుని, పకపకా నవ్వుతూ పరిగెత్తుకెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇంకేం చేస్తుంది మార్నీ. లేచి, బట్టలకంటిన దుమ్ము దులుపుకుని, తలుపు తీసింది.

మిసెస్ డాకెట్ గొడుగు బయటే వదిలి వంటింట్లోకి వచ్చి కూర్చుంది. భారీ మనిషి. బడిలో ఆవిడ పాఠాలు చెప్పదు. ఇళ్ళకి తిరగడమే ఆవిడ పని. ఆవిడ ఏ వీధిలో కనిపించినా, ఇవాళ ఎవరింటికో అని ఆడవాళ్ళు కర్టెన్లు పక్కకి లాగి చూస్తారు.

మార్నీ టీ పోసింది. కొంత బల్ల మీద ఒలికింది.

"టిల్లీ గురించి వచ్చాను" అంది మిసెస్ డాకెట్. "క్రిస్మస్ సెలవుల తర్వాత పిల్ల బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. పడితే ఏడుస్తుంది, అది కూడా చప్పుడు రాకుండా."

"సిగ్గు ఎక్కువండీ దానికి."

"సిగ్గు కాదమ్మా. సిగ్గుపడే పిల్లల్ని నా జన్మలో చాలామందిని చూశాను."

ఎందుకు మాట్లాడదో మార్నీకి తెలుసు. ఆ సంగతి తెలిసింది ఈ భూమ్మీద తనొక్కదానికే. క్రిస్మస్ వెళ్ళిన వారానికి మొగుడు కీరన్ సంచీ సర్దుకుని, ఏటికి అవతల హల్ పట్నంలో ఇంకొకామె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మార్నీ టిల్లీని పట్టుకుని, మన ఇంటి సంగతి బడిలో ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదు, పెడితే నిన్నూ తమ్ముణ్ణీ చెరో ఇంటికి తీసుకెళ్ళిపోతారు అని చెప్పింది. ఏ మాట ఇంటిదో ఏ మాట కాదో ఆరేళ్ళ పిల్ల ఎక్కడ ఏరుకుంటుంది? అసలు నోరే కట్టేసుకుంది.

"మా బడిలో పిల్లలకి సాయంగా ఉండే ఫెర్నీ రోజూ దాన్ని చిన్నగదిలో కూర్చోబెట్టుకుంటుంది" అంది మిసెస్ డాకెట్. "వాళ్ళిద్దరే. బొమ్మలేస్తారు, బంకమట్టి పిసుకుతారు. ఫెర్నీ చచ్చినా తొందరపెట్టదు. కానీ ఒకటి చూసిందట. తను బయటికెళ్ళి తలుపు మూసిందంటే చాలు, టిల్లీ కుర్చీ ఈడ్చుకెళ్ళి తలుపుకి అడ్డం పెడుతోంది. ఎవరు నేర్పారమ్మా అది?"

మార్నీ ఒలికిన టీ తుడవడం మొదలుపెట్టింది.

"ఏదో ఆట అయ్యుంటుంది."

"అయ్యుంటుంది" అంది మిసెస్ డాకెట్. "ఇంకోటి. కథ చెప్పే వేళకి చాప మీద నిద్రపోతుంది. తెల్లవారకముందే లేచిన మనిషి నిద్ర అది."

టిల్లీ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. మార్నీ కళ్ళతోనే వెళ్ళమంది. పిల్ల వెళ్ళలేదు.

"మీరింత పట్టించుకోనక్కర్లేదండీ" అంది మార్నీ. మాట తను అనుకున్నదానికంటే బిరుసుగా వచ్చింది. "మధ్యాహ్నం దానికి బడి అన్నం పెడుతోంది. అంతకుమించి మేమేం అడగలేదు."

"చిన్న తరగతుల్లో అందరికీ పెడతారమ్మా, డాక్టరుగారబ్బాయికి కూడా. ఎలాగూ అందరికీ పెడుతున్నారు కదా అని, మా ఇంట్లో జరగట్లేదని ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఆ పిల్ల పేరు మీద బడికి రావాల్సింది రాదు. జరగని ఇళ్ళ పిల్లల కోసమని సర్కారు విడిగా ఇచ్చే డబ్బు అది. మా హెడ్‌మిస్ట్రెస్ దాంతో గోడలకి రంగులేయించలేదు. ఫెర్నీని పెట్టుకుంది, నన్ను పెట్టుకుంది, పొద్దుటిపూట బల్ల వేసి టిఫిన్ పెడుతోంది."

"మాకు జరుగుతోందండీ."

"సరే" అంది ఆవిడ. కాదనలేదు. "ఆ బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అయింది. బడి తలుపులు పెందలాడే తీస్తాం. వేడిగా టోస్టు, బీన్స్, పాలు. రోరీని కూడా అక్క పక్కనే ఇరికిస్తాను. నువ్వే దింపి పనికి వెళ్ళొచ్చు."

మార్నీ ఆ మాటకి తలెత్తింది. చేపల ఫ్యాక్టరీలో ఆమెది కడుగుడు పని. బల్లలు, కత్తులు, కాలవలు, అన్నీ కోతవాళ్ళు రాకముందే కడగాలి. చీకటుండగానే వెళ్ళి, పిల్లల్ని బడికి తయారుచేసే వేళకి పరుగున వస్తుంది. తర్వాతి షిఫ్టుకి మారతావా అని సూపర్‌వైజరు రెండుసార్లు అడిగాడు. అది బడి తెరవకముందే మొదలవుతుంది, ఆ వేళకి పిల్లల్ని ఎక్కడ పెట్టను అని ఊరుకుంది. ఇప్పుడు పిల్లల్ని పెట్టే చోటు నడుచుకుంటూ ఇంటికొచ్చి, వంటింట్లో కూర్చుని టీ తాగుతోంది.

కానీ ఆ చోటు ఎందుకు కావాలో చెప్పాలి కదా.

"నేనొకటి అడగాలి" అంది మిసెస్ డాకెట్. "పొద్దున నువ్వు పనికెళ్ళినప్పుడు పిల్లల దగ్గర ఎవరుంటున్నారు?"

"వాళ్ళ నానమ్మ" అంది మార్నీ. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. "ఆల్మా. చీకటుండగానే వస్తుంది."

"ఆల్మానా? మంచిదే. అయితే రేపు బడికి ఆవిడ్ని కూడా తీసుకురా. ముగ్గురం మాట్లాడుకుందాం." మిసెస్ డాకెట్ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. గుమ్మంలో ఆగింది. "నీ దగ్గర దాపరికం ఎందుకు, ముందే చెబుతున్నా. పిల్లలు ఒంటరిగా ఉంటున్నారని తేలితే అది నా ఒక్కదాని చేతిలో ఉండే సంగతి కాదు. పైవాళ్ళకి చెప్పి తీరాలి. వాళ్ళేం చేస్తారో నేను చెప్పలేను."

ఆవిడ వెళ్ళాక టిల్లీ వచ్చి తల్లి చొక్కా అంచు పట్టుకుంది. ఇంట్లో ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంది.

"అమ్మా, ఆవిడ మమ్మల్ని తీసుకెళ్ళిపోతుందా?"

"లేదు. కోట్లు వేసుకోండి. నానమ్మ ఇంటికెళ్దాం."

"నానమ్మకి మనం అంటే కోపం కదా?"

"వేసుకోమన్నానా."

* * *

ఆల్మా ఇల్లు రెండు వీధుల అవతల. కీరన్ వెళ్ళిపోయాక అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. నా కొడుకుని ఇంట్లో నిలవనిచ్చిందా అని ఆవిడ నలుగురిలో అంది. కొడుకు ఎక్కడున్నాడో తెలిసీ దాచింది అని ఈమె నలుగురిలో అంది. ఆ నలుగురూ రెండు మాటలూ పదిలంగా అటూ ఇటూ చేరవేశారు.

తలుపు తీసిన ఆల్మా కోడల్ని చూసి మొహం తిప్పుకుంది. పిల్లల్ని చూసి మాత్రం ఆ మొహం అలా ఉంచలేకపోయింది.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు. మీ తాతయ్య నిద్రపోతున్నాడు, చప్పుడు చెయ్యకండి."

లోపలి గదిలో ముసలాయన లెన్, ముక్కుకి గొట్టం పెట్టుకుని కుర్చీలో వాలి ఉన్నాడు. ఆక్సిజన్ మిషను బుస్సు బుస్సుమంటోంది. పిల్లలిద్దరినీ ఆయన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఆల్మా వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఏం కావాలి?"

"ఒక అబద్ధం చెప్పాలి మీరు."

"శుభం. ఇంతకాలానికి ఇంటికొచ్చి అడిగేది అదా?"

మార్నీ చెప్పింది. మిసెస్ డాకెట్ రావడం, ప్రశ్న అడగడం, తన నోట్లోంచి ఆ పేరు ఊడిపడటం, అంతా చెప్పింది. వింటున్నకొద్దీ ఆల్మా మొహంలో రంగు పోయింది.

"ఆగు" అంది. "నేనుంటున్నానని చెప్పావు. మరి నిజంగా ఎవరుంటున్నారు?"

మార్నీ తడి కోటు బొత్తాం తిప్పుతోంది.

"మార్నీ, నిన్నే."

"తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకోమని చెప్పి వెళ్తున్నాను. టిల్లీ పెద్దపిల్లలాగే చూసుకుంటుంది వాణ్ణి."

ఆల్మా చేతిలో ఉన్న గుడ్డ బల్ల మీదికి విసిరింది. "ఆరేళ్ళే దానికి. నీకు మతి ఉందా? ఏ బాయిలరో అంటుకుంటే? వాడు మెట్ల మీంచి దొర్లితే? నా కొడుకు నిన్ను వదిలేశాడంటే ఊరికే వదల్లేదు."

"మీ కొడుకు నన్నొక్కదాన్నే వదల్లేదు. వాళ్ళనీ వదిలేశాడు. వాళ్ళ బూట్లు కొనిచ్చింది ఎవరో అడగండి. ఆ పని లేకపోతే ఇల్లుండదు. ఇల్లు లేకపోతే పిల్లలుండరు. ఎటు తిరిగినా నాకు గొయ్యే."

"నన్ను పిలవొచ్చు కదా?"

"పిలిస్తే వస్తారా? మావయ్యని వదిలి వస్తారా?"

లోపల మిషను బుస్సుమంటూనే ఉంది. రాత్రీ పగలూ ఆ గొట్టం ఊడకుండా చూడ్డానికి ఆవిడ ఒక్కతే ఉంది. రావడం కుదరదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆల్మా విసిరిన గుడ్డ తీసి మడతపెట్టింది.

"నిజం చెప్పెయ్ రాదూ" అంది చివరికి ఆల్మా, గొంతు తగ్గించి. "డాకెట్ చెడ్డమనిషేం కాదు."

"నన్ను తీసుకెళ్ళినావిడ కూడా చెడ్డమనిషి కాదు. ఎంతో మంచిది. ఇప్పటికీ ఆవిడ చెయ్యి గుర్తుంది నాకు, వెచ్చగా ఉండేది." మార్నీ తన అరచెయ్యి చూసుకుంది. "ఆల్మా, నాకు చాలా భయంగా ఉంది. రాత్రి నిద్ర పట్టట్లేదు. వీధిలో కారు ఆగితే చాలు, పై ప్రాణాలు పైనే పోతున్నాయి. వాళ్ళిద్దరినీ చెరో ఇంట్లో పెడితే నేను బతకను."

ఆల్మా లేచి వెళ్ళి సింకు దగ్గర నిలబడింది. కోడలి వైపు తిరగకుండానే అంది:

"వస్తాను. ఆ పక్కింటి డోరాని కాసేపు మీ మావయ్య దగ్గర కూర్చోమంటాను. నా మనవలు పరాయి కొంపల్లో పెరగడం నేను చూడలేను. కానీ ఒకటి. చెబితే గట్టిగా చెబుతాను. మధ్యలో నువ్వు మొహం తేలేశావంటే ఇద్దరం మునుగుతాం."

* * *

మర్నాడు పొద్దున ఆల్మా పెదాలకి రంగేసుకుని, చావుకీ పెళ్ళికీ తీసే నీలం కోటు తొడుక్కుని వచ్చింది. బడిలో చిన్నగది నిజంగానే చిన్నది. పిల్లల కుర్చీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. మూలన నేల మీద టిల్లీ బంకమట్టి పిసుకుతోంది. పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్న ఫెర్నీ కూడా నేల మీదే కూర్చుని ఉంది. రోరీ పక్క గదిలో చిన్నపిల్లల తరగతిలో ఉన్నాడు. వాడి అరుపులు గోడలోంచి వినిపిస్తున్నాయి.

"అయితే పొద్దుటిపూట మీరుంటున్నారన్నమాట" అంది మిసెస్ డాకెట్.

"నేను కాక ఇంకెవరుంటారు?" అంది ఆల్మా. "చీకటితోనే వస్తాను. గంజి కాస్తాను. ఓట్స్, పాలు, పైన కాస్త తేనె. చిన్నాడు తేనె లేకపోతే ముట్టడు. దీనికేమో జడ వేస్తాను."

మార్నీ తల దించుకుంది. అబద్ధం ఎంత బాగుందంటే ఆమెకే నమ్మాలనిపించింది. తేనె వేసిన గంజి, జడలు, చీకట్లో వెలుగుతున్న వంటిల్లు.

"మరి ఆ కుర్చీ సంగతి?"

"నేను నేర్పిందే. రేవు పక్క వీధి కదమ్మా, తాగుబోతులు తిరుగుతుంటారు. నేనొచ్చాక కూడా వేస్తాం."

మిసెస్ డాకెట్ ఆల్మా మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

"హమ్మయ్య" అంది. "నిజం చెప్పొద్దూ, రాత్రంతా ఇదే ఆలోచన నాకు. ఇంట్లో మనిషి ఉంటే సగం దిగులు తీరినట్టే. టిల్లీ మాటల సంగతి ఫెర్నీ చూసుకుంటుంది, దానికి తొందరేం లేదు."

మార్నీకి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదలాలనిపించింది. గండం గడిచింది. ఆల్మా బల్ల కింద ఆమె మణికట్టు పట్టుకుని చిన్నగా నొక్కింది.

"టిఫిన్ బల్ల మాటేమిటండీ?" అంది మార్నీ. అడగకుండా ఉండాల్సింది. కానీ ఆ తర్వాతి షిఫ్టు ఆమె మనసులోంచి పోలేదు.

"అదే చెప్పబోతున్నా. ఉన్నది ఒక్క చోటమ్మా. పొద్దున ఇంట్లో ఎవరూ లేని పిల్లలకి ముందు ఇవ్వాలి. ఇంకో ఇల్లుంది నా మనసులో. మీకైతే దేవుడిలాంటి నానమ్మ ఉంది. గంజి, తేనె." ఆవిడ నవ్వింది. "మళ్ళీ ఎప్పుడైనా ఖాళీ అయితే చెబుతాను."

సరేనండీ అందామనుకుంది మార్నీ. రేపు కూడా చీకట్లో లేవాలి. మళ్ళీ ఎల్లుండి. ఊరికే తలూపింది.

"ఇవ్వొద్దు."

ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. గొంతు బొంగురుగా ఉంది. ఫెర్నీ చేతిలో బంకమట్టి అలాగే ఆగిపోయింది.

టిల్లీ లేచి నిలబడింది.

"ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వొద్దు. అది నాక్కావాలి."

ఫెర్నీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్ని నెలలు ఆ గొంతు కోసం నేల మీద కూర్చుందో ఆ మనిషి. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. "మాట్లాడింది" అంది, "మిసెస్ డాకెట్, మాట్లాడింది."

మిసెస్ డాకెట్ మాత్రం నవ్వలేదు. కుర్చీలోంచి జారి, ముసలి మోకాళ్ళ మీద పిల్ల ఎత్తుకి వంగింది.

"ఎందుకు కావాలమ్మా నీకు? ఇంట్లో నానమ్మ గంజి పెడుతుంది కదా?"

"నానమ్మ రాదు" అంది టిల్లీ. "నాకు పొద్దున భయమేస్తుంది. వాడు ఏడుస్తాడు. ఏడవకురా, వాళ్ళు వింటారు అంటాను. అయినా ఏడుస్తాడు."

ఆ పిల్లకి భయం వేస్తుందేమోనని మార్నీ ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. అద్దె భయం, కారు చప్పుడు భయం, మంచి కోటు వేసుకున్న ఆడవాళ్ళ భయం, అన్నీ తనవే అనుకుంది. ఇంట్లో భయపడే మనిషి తనొక్కతే అనుకుంది.

"మరి పొద్దున ఎవరుంటారు తల్లీ?" అంది మిసెస్ డాకెట్. గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనం మార్నీ తన ఏడేళ్ళప్పుడు విన్నదే.

టిల్లీ తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, చెప్పనా?"

బల్ల కింద ఆల్మా గోళ్ళు మణికట్టులో దిగబడ్డాయి. ఆవిడ తల అడ్డంగా ఊగుతోంది, వద్దు, వద్దు అని. గోడ అవతల రోరీ ఎవరితోనో బొమ్మ కోసం పోట్లాడుతున్నాడు. మిసెస్ డాకెట్ మార్నీనే చూస్తోంది, ఫెర్నీ కన్నీళ్ళు తుడుచుకోవడం మర్చిపోయి చూస్తోంది.

మార్నీ మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది. పాదాలు నేలకి అదిమిపట్టి పిల్ల వైపు తిరిగింది.

"చెప్పమ్మా" అంది.

టిల్లీ చెప్పడం మొదలుపెట్టింది.